వంద ప్రశ్నల కవరు

వికారాబాద్
2 జులై 1963

కస్తూరక్కకు,

కాలేజీ నుంచి నీకూ ఉత్తరం అందే ఉంటుంది. చదువు ముగించిన హౌస్ సర్జన్లలో ఆరుగురిని ఏడాదిపాటు మన వైపు పంపుతున్నారు. ముగ్గురు ఇక్కడ నా దగ్గర, ముగ్గురు తాండూరులో మీ నాన్నగారు కట్టించిన దవాఖానలో నీ దగ్గర. హాస్టల్లో ఐదేళ్ళు ఒకే గదిలో చదువుకున్నవాళ్ళం, ఇప్పుడు పాఠం చెప్పడం కూడా కలిసే చేయబోతున్నామంటే సంతోషంగా ఉంది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. మన రోజుల్లో ఏడాదికి ఒక్క పరీక్ష. నెల ముందు బట్టీ పట్టేవాళ్ళం, నెల తిరిగేసరికి మరిచిపోయేవాళ్ళం. ఎవరికి నిజంగా ఎంత తెలుసో, మొన్నటికన్నా ఇవాళ ఎంత పెరిగిందో చెప్పేవాళ్ళే లేరు. అందుకని ఈ పిల్లలకు రెండు నెలలకోసారి వంద ప్రశ్నలు ఇద్దాం. ప్రతిసారీ కొత్తవి, కష్టం మాత్రం ఒకే మట్టం. ప్రసవం నుంచి పాముకాటు దాకా, ఒక డాక్టరుకు చివరికి తెలిసి ఉండవలసినవన్నీ వాటిలో ఉంటాయి. ఇంత విస్తారం కాబట్టి ముందురోజు చదివి లాభం లేదు. రానిదానికి ‘తెలియదు’ అని రాస్తే ఏమీ పోదు. తెలియకుండా తప్పు రాస్తే మాత్రం అర మార్కు పోతుంది. పాసు, ఫెయిలు అనే మాటలే వద్దు. ఒక్కొక్కరికి గళ్ళ కాగితం మీద ఒక గీత గీస్తూ పోదాం. ప్రతి పరీక్ష తర్వాత ఒక్కొక్కరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎక్కడ తప్పారో, ఎందుకు తప్పారో మాట్లాడదాం.

ప్రశ్నలు నేను రాసి, సీలు వేసి వారం ముందు పంపుతాను. పరీక్ష రోజు పిల్లల ముందే కవరు తెరువు. జవాబులు నాకు పంపితే దిద్దుతాను. సరేనా అక్కా.

నీ వసంత


తాండూరు
7 జులై 1963

వసంతా,

సరే అనక ఏం చేస్తాను. ప్రశ్నలు నువ్వు రాస్తావు, జవాబులు నువ్వు దిద్దుతావు, కవరు చింపే పని నాకు మిగిలింది. కోపంతో అనడం లేదులే.

కానీ ఒక సంగతి చెప్పనా. నీకన్నా రెండేళ్ళు పెద్దదాన్నై ఉండి కూడా ఐదేళ్ళూ నోటీసు బోర్డు మీద నీ పేరు కిందే నా పేరు చూసుకున్నాను. సెలవులకు ఇంటికొస్తే మా నాన్న గంజ్ మార్కెట్ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే, ‘వికారాబాద్ బుచ్చయ్య బిడ్డకు ఎన్నొచ్చినయ్?’ అని అడిగేవాడు. నా మార్కులు ఆ తర్వాత. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ ప్రశ్న మాత్రం ఈ ఇంట్లోనే ఉంది.

నా ముగ్గురిలో జంగప్ప చురుకైనవాడు. బషీరాబాద్ వైపు పిల్లవాడు, ఇంట్లో కన్నడం మాట్లాడతారట. ‘మేడం, గీ పరీక్షకు సిలబస్ ఏంది?’ అన్నాడు. ‘మనిషి ఒళ్ళు’ అన్నాను. ‘గట్లయితే మస్తు పెద్దది మేడం’ అన్నాడు.

కవరు పంపు.

కస్తూరి


వికారాబాద్
8 సెప్టెంబరు 1963

కస్తూరక్కా,

మొదటి పరీక్ష దిద్దడం అయింది. ఇక్కడి ముగ్గురికి సగటున ముప్పై నాలుగు, మీ వాళ్ళకు ఇరవై ఆరు. తక్కువని బాధపడకు, ఇది మొదలే కదా. ఆరుగురి గీతలూ ఒకే కాగితం మీద గీసి పంపుతున్నాను, గోడకు అంటించు.

జంగప్పతో ఒక్క మాట చెప్పు. వంద ప్రశ్నల్లో ఒక్కదానికీ ‘తెలియదు’ అని రాయలేదు. ఊహించి రాసి ఇరవై నాలుగు మార్కులు పోగొట్టుకున్నాడు. నా రాజేందర్ దానికి పూర్తిగా ఎదురు, నలభై ఎనిమిదింటికి ‘తెలియదు’ అని రాశాడు. పూడూరు పిల్లవాడు, నెమ్మది మనిషి. పిల్లల గొంతు జబ్బుల్లో వాడికి ఒక్కటీ రాలేదు. కూర్చోబెట్టి, ‘నీ దగ్గరికి ఏ పిల్ల వచ్చినా, కాలు విరిగి వచ్చినా సరే, నాలుక నొక్కి గొంతు చూడు’ అని చెప్పాను. అప్పటినుంచి మా వార్డులో చెంచాలు చాలడం లేదు.

నీ వసంత


తాండూరు
13 సెప్టెంబరు 1963

వసంతా,

కాగితం అందింది. పైన మీ మూడు గీతలు, కింద మా మూడు గీతలు. మీ వాళ్ళవి కూడా ఎందుకు పంపావు? ఎవరి ఎదుగుదల వాళ్ళదే, పోటీ లేదని నువ్వే అన్నావు.

గోడకు అంటించలేదు. కానీ పిల్లలు నా బల్ల మీద చూశారు. జంగప్ప మధ్యాహ్నం అన్నం తినలేదు.

రెండో కవరు ఎప్పుడు పంపుతావు?

కస్తూరి


వికారాబాద్
10 నవంబరు 1963

కస్తూరక్కా,

రెండో పరీక్ష రెండుసార్లు దిద్దాను. మూడోసారి మా నర్సమ్మ చేత మార్కులు కూడించాను. వారం కిందట నీకు పంపిన అంకెలే వచ్చాయి, నా వాళ్ళకు నలభై. మీ వాళ్ళకు యాభై మూడు. జంగప్పకు యాభై ఎనిమిది.

అభినందనలు. ప్రిన్సిపాల్ గారికి నువ్వు లెక్కలు పంపావని ఆయన ఉత్తరం వల్ల తెలిసింది. నేనే పంపుదామని అనుకున్నాను. పోనీలే. నీ పద్ధతి ఏమిటో చూసి నేర్చుకొమ్మని ఆయన నాకు రాశారు. నిజంగానే అడుగుతున్నాను, రెండు నెలల్లో ఏం చేశావు?

వసంత


తాండూరు
16 నవంబరు 1963

చెల్లీ,

చేసింది పెద్దగా ఏమీ లేదు. పొద్దున ఆరింటికే రౌండ్లు. ప్రతి రోగి దగ్గరా ముగ్గురిని నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న. తప్పు చెప్పినవాడు మరునాడు అదే పాఠం మిగతావాళ్ళకు చెప్పాలి. అంతే. నీ దగ్గర తెలివి ఎక్కువ, నా దగ్గర ఓపిక ఎక్కువ. పిల్లలకు ఓపికే పని చేస్తుందేమో.

ఈసారి గీతల కాగితం గోడకు అంటించాను. దవాఖానకు వచ్చిన గంజ్ వర్తకులు కూడా నిలబడి చూస్తున్నారు. మా నాన్న ఉంటే బాగుండేది.

కస్తూరి


వికారాబాద్
19 డిసెంబరు 1963

కస్తూరక్కా,

నీ పద్ధతి నెల రోజులుగా చేస్తున్నాను. ఆరింటికి రౌండ్లు, ప్రశ్నలు, అన్నీ. నా వాళ్ళు అలిసిపోవడం కనిపిస్తోంది, పెరగడం కనిపించడం లేదు. నిన్న వార్డులో అందరి ముందు రాజేందర్‌తో, ‘నీ వల్ల కాదు, తాండూరు పోయి జంగప్ప దగ్గర నేర్చుకో’ అన్నాను. వాడు స్టెతస్కోపు మెడలోంచి తీసి చేతిలో పట్టుకుని, ‘నేను మెల్లగ నేర్చుకుంట మేడం. నేర్చుకున్నది మాత్రం ఇడువ’ అన్నాడు. నేను తర్వాతి మంచం దగ్గరికి నడిచాను.

జనవరిలో కాలేజీలో నీ చేత ప్రసంగం చేయిస్తున్నారని విన్నాను. ‘వైద్య విద్యార్థుల జ్ఞానాన్ని కొలిచే తాండూరు పద్ధతి’ అని పేరు పెట్టారట. తాండూరు పద్ధతి. ఆ రెండు మాటలు నాలుగు రోజులుగా నా చెవిలో గింగురుమంటున్నాయి. అన్నం పెట్టుకుంటుంటే, చెయ్యి కడుక్కుంటుంటే అవే మాటలు. దాచుకోవడం ఎందుకు, నాకు అసూయగా ఉంది.

మూడో కవరు దీనితో పంపుతున్నాను. పరీక్ష ఇరవై ఆరున.

వసంత


తాండూరు
6 జనవరి 1964

వసంతా,

పరీక్ష బాగా జరిగింది. ఆ రోజు పొద్దున నీ మనిషి రైల్లో వచ్చి ఇచ్చిన అర కాగితం కూడా అందింది. పది ప్రశ్నల్లో అచ్చుతప్పులు ఉన్నాయని, వాటి బదులు కొత్త పది ఇమ్మని రాశావు కదా. అలాగే ఇచ్చాను. పదకొండు రోజులైంది, మార్కులు ఇంకా రాలేదేం?

పద్ధతికి ఏ పేరు పెట్టాలో నేను చెప్పలేదు, వాళ్ళే పెట్టారు. మొదటి ఆలోచన నీదని ప్రసంగంలో తప్పకుండా చెబుతాను.

ఇరవైన హైదరాబాద్ వెళ్ళి ఇరవై మూడున వస్తాను. దవాఖాన జంగప్పకు అప్పజెప్పి పోతున్నాను. యాభై ఎనిమిది వచ్చినవాడు, భయం లేదు.

కస్తూరి


వికారాబాద్
24 జనవరి 1964

డాక్టర్ కస్తూరి గారికి,

మీ దవాఖాన నుంచి ఇక్కడికి వచ్చిన ఒక కేసు గురించి తెలియజేస్తున్నాను.

ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం ప్యాసింజరు బండిలో పెద్దేముల్ ఊరి బీరన్న అనే గొర్రెలకాపరి తన ఐదేళ్ళ బిడ్డ మైసమ్మను భుజాన వేసుకుని స్టేషన్ నుంచి నడిచి వచ్చాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ‘నాలుగు దినాల సంది జరం అమ్మా. మొన్న తాండూరుల చిన్న డాక్టర్ సారు చూసిండు. గొంతు వాసింది, గోలీలతోని తగ్గుతది పో అన్నడు. పొద్దుగాల్నుంచి మేకపిల్ల లెక్క గురక పెడ్తుంది. పెద్ద డాక్టరమ్మ పట్నం పోయిందన్నరు. గందుకే బండెక్కించుకొచ్చిన.’

గొంతు చూశాడా అని అడిగాను. ‘మెడ పట్టి చూసిండమ్మా. నోరు తెరువుమనలే’ అన్నాడు.

బిడ్డను ముందు చూసింది రాజేందర్. చెంచాతో నాలుక నొక్కి, బ్యాటరీ లైటు వేసి, ఒక్క నిమిషంలో నా గదికి పరుగెత్తుకొచ్చాడు. ‘మేడం, గొంతుల తెల్లటి పొర ఉంది. డిఫ్తీరియా అనిపిస్తుంది. నేనెన్నడు చూడలే, నాకు సరిగ తెల్వది. మీరు జర జల్ది రండి.’

వెళ్ళేసరికి పెదాలు నీలం తిరుగుతున్నాయి. గొంతు కింద కోసి గొట్టం పెట్టాను. విషానికి విరుగుడు సీరం ఇచ్చాం. ఈ పొద్దుటికి ప్రాణభయం తప్పింది. గుండె సంగతి ఇంకో రెండు వారాలైతే గాని చెప్పలేను.

రెండో పరీక్షలో ముప్పై ఒకటో ప్రశ్న ఈ జబ్బు మీదే. జంగప్ప దానికి సరైన జవాబు రాశాడు.

మీ ప్రసంగం బాగా జరిగిందని విన్నాను.

డాక్టర్ వసంత


తాండూరు
28 జనవరి 1964

వసంతా,

‘గారు’ అని రాశావు. అది నాకు తగినదే.

నీ ఉత్తరం జంగప్పకు చదివి వినిపించాను. వాడు గోడకు ఆనుకుని నేల బండల మీద కూర్చుండిపోయాడు. ‘మేడం, ఆ ప్రశ్నల పొర ఉన్నదని రాసి ఉండె. ఆ పిల్ల వచ్చినప్పుడు ఎవరు చెప్పలే’ అన్నాడు. సాయంత్రం బండికి మీ దగ్గరికే వచ్చి ఆ బిడ్డను చూసి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

వాడి తప్పు నాదే. రెండో కవరు నేను ముందే తెరిచాను. కాగితాలు సరిపడా ఉన్నాయో లేదో చూద్దామని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత వారమంతా ఆ వంద ప్రశ్నల్లో ఉన్నవే పాఠాలుగా చెప్పాను. పిల్లలకు ఆ సంగతి తెలియదు, నేను గొప్పగా చెబుతున్నాననుకున్నారు. మూడో కవరు తెరవడానికి సాకు కూడా వెతుక్కోలేదు. ఆరింటి రౌండ్ల మాట పూర్తిగా అబద్ధం. నా రౌండ్లు ఎప్పుడూ తొమ్మిదింటికే.

ఒక్కసారి నీ పేరు పైన నా పేరు చూడాలనిపించింది. ముప్పై ఐదేళ్ళ మనిషిని, డాక్టర్ని, కారణం ఇంతే. కాలేజీలో చప్పట్లు కొట్టినప్పుడు నాకు నిజంగానే ఆ పద్ధతి నాదే అనిపించింది, అది ఇంకా సిగ్గుచేటు. వేదిక మీద నీ పేరు కూడా చెప్పలేదు.

ఆ బిడ్డ గుండె ఎలా ఉందో ఒక కార్డు ముక్క రాయి. నాకు రాయబుద్ధి కాకపోతే జంగప్పకు రాయి.

కస్తూరి


వికారాబాద్
3 ఫిబ్రవరి 1964

అక్కా,

బిడ్డ గొట్టం తీసేశాం. గుండె సరిగానే కొట్టుకుంటోంది. నిన్న గంజి కావాలని బొంగురు గొంతుతో అడిగింది. బీరన్న మంచం పక్కనే కూర్చుని దాని మాట విన్నాక, బయటికి పోయి చాలాసేపు రాలేదు.

ఇప్పుడు నా వంతు. నువ్వు రాసినవన్నీ నాకు ముందే తెలుసు. నవంబరులోనే అనుమానం వచ్చింది. మూడో కవరులో అచ్చుతప్పులేమీ లేవు. పది ప్రశ్నలు కావాలనే చివరి పొద్దున మార్చాను. పాత తొంభైలో మీ పిల్లలకు అరవైకి పైగా వచ్చాయి. కొత్త పదిలో ముగ్గురికీ కలిపి రెండు. నాకు కావలసింది దొరికింది.

అయినా నీకు రాయలేదు. నీ ప్రసంగం అయిన మరునాడు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పడేట్టు ఉత్తరం రాసి, టికెట్టు అంటించి బీరువాలో పెట్టుకున్నాను. నువ్వు వేదిక ఎక్కాలి, అందరూ చప్పట్లు కొట్టాలి, ఆ తర్వాత నువ్వు పడిపోవాలి అనుకున్నాను. జంగప్ప మార్కులు నిజం కావని తెలిసి, వాడిని ఒంటరిగా వదిలి వెళ్తున్నావని నీ ఉత్తరంలో చదివి కూడా ఊరుకున్నాను. ఒక్క మాట రాసి ఉంటే నువ్వు వెళ్ళేదానివి కాదు.

ఇంకొకటి. ఇది ఎవరికీ చెప్పలేదు. రాజేందర్ లైటు వేసి పట్టుకుంటే ఆ పసిదాని గొంతులో పొర చూశాను. ‘తాండూరు చిన్న డాక్టరు’ అన్న బీరన్న మాట అప్పుడే చెవిన పడింది. నాకు సంతోషం కలిగింది. ఒక్క క్షణమే. కానీ బిడ్డ ఊపిరాడక తన్నుకుంటున్న క్షణం అది. తర్వాత చేతులు తమ పని తాము చేశాయి. ఆ చేతులకు అందరూ దండాలు పెడుతున్నారు, నేను తలెత్తి చూడలేకపోతున్నాను.

బీరువాలో ఉత్తరం చింపేశాను. ప్రిన్సిపాల్ గారికి నిజం ఇద్దరం కలిసి రాద్దాం. ముందు నీ తప్పు, పక్కనే నాది.

రాజేందర్‌కు క్షమాపణ చెప్పాను. ‘నిమ్మలంగ ఉండండి మేడం’ అని నాకే ధైర్యం చెప్పి చెంచాలు కడగడానికి వెళ్ళాడు.

వసంత


తాండూరు
15 మార్చి 1964

వసంతా,

మన ఉత్తరానికి ప్రిన్సిపాల్ గారి జవాబు నీకూ అందే ఉంటుంది. నా ప్రసంగం కాలేజీ పుస్తకంలో అచ్చు వేయరు. వచ్చే ఏడాది నా దగ్గరికి విద్యార్థుల్ని పంపరు. అది న్యాయమే. ఉన్న ముగ్గురిని జూన్ దాకా ఉంచమని నువ్వు విడిగా రాశావట, ఆయనే చెప్పారు. నువ్వు నాకు చెప్పలేదు.

నాలుగో పరీక్ష అయింది. కవరు పోస్ట్ మాస్టరు దగ్గరే ఉంచి, ఆ పొద్దున జంగప్పనే పంపి తెప్పించాను. మార్కులు నువ్వు వేయకముందే వాడికి తెలుసు, ‘మేడం, ఈసారి నలభై దాటవు’ అన్నాడు. పాత గీత చెరిపేయమంటావా అని అడిగాను. ‘వద్దు మేడం. పడ్డది గూడ కనిపియ్యాలె’ అన్నాడు. ఈసారి ముప్పై తొమ్మిదింటికి ‘తెలియదు’ అని రాశాడు. వాటి పట్టిక విడిగా రాసుకుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. రోజుకు రెండు కొట్టేస్తున్నాడు. పెద్దేముల్ నుంచి ఎవరు వచ్చినా మైసమ్మ ఎట్లుంది అని అడుగుతున్నాడు.

వాళ్ళతో పాటు నేనూ కూర్చుని రాశాను. బయట రోగులు ఎదురుచూస్తుంటే మూడు గంటలు విద్యార్థిలా కూర్చున్నాను. నా కాగితం కూడా ఈ కట్టలోనే ఉంది. దిద్దు, తగ్గించకు, పెంచకు.

కస్తూరి


వికారాబాద్
23 మార్చి 1964

అక్కా,

జంగప్పకు ముప్పై ఎనిమిదిన్నర. రాజేందర్‌కు నలభై ఏడు. నీకు డెబ్బై ఎనిమిది. ప్రసవాల్లో నీవి అన్నీ ఒప్పే. ఎముకల్లో ఐదు తప్పులు, కొత్త మందుల్లో ఏడు. వాటి మీద వచ్చిన పత్రికలు మూడు పంపుతున్నాను, చదివి తిరిగి పంపు.

నేను రాసిన ప్రశ్నలకు నేనే జవాబు రాస్తే పరీక్ష కాదు. అందుకని ఒక పని చేయి. ఈ నెలాఖరులోగా నువ్వు వంద ప్రశ్నలు తయారుచేసి, సీలు వేసి పంపు. మా ముగ్గురి ముందు తెరిచి, నేను వాళ్ళతో కూర్చుని రాస్తాను. దిద్దడం నీ పని.

వసంత


తాండూరు
12 ఏప్రిల్ 1964

వసంతా,

నీ జవాబులు దిద్దాను. నీలాగే రెండుసార్లు. ఎనభై మూడు. నాకన్నా ఐదు ఎక్కువ.

ఆ అంకె వేయగానే నా కడుపులో ఏదో మండింది. పోయిందనుకున్నాను, పోలేదు. కలం పక్కన పెట్టి, లేచి వార్డులో ఒక చుట్టు తిరిగి వచ్చి ఇది రాస్తున్నాను. ముందైతే దాచుకుని, ‘చాలా సంతోషం చెల్లీ’ అని రాసేదాన్ని. ఇకమీదట మండినప్పుడు మండిందనే రాస్తాను. నువ్వూ అలాగే రాయి.

నీ తప్పుల్లో నాలుగు ప్రసవాల్లోనే ఉన్నాయి. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు చెయ్యి ఎలా పెట్టాలో నువ్వు రాసింది పుస్తకంలో మాట, అలా చేస్తే గర్భసంచి చిరుగుతుంది. కాగితం మీద చెబితే తెలిసేది కాదు. యాలాల నుంచి ఒకామె వచ్చి చేరింది, బిడ్డ అడ్డంగానే ఉంది, రెండు రోజుల్లో నొప్పులు రావచ్చు. ఎల్లుండి పొద్దుటి బండికి రా. రాజేందర్‌ను కూడా తీసుకురా. నా చేతి పక్కన నీ చెయ్యి పెట్టించి చూపిస్తాను.

కస్తూరి